కారిడార్ ఫ్రిజ్‌లో పైన్ వేరు

2022 వానాకాలం. నాచారం పారిశ్రామికవాడలో, మల్లాపూర్ వైపు పోయే రోడ్డుకు రెండు సందులు లోపల ఉన్న ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబ్‌లో నేను మైక్రోబయాలజీ విభాగం చూసేదాన్ని. ఇప్పటికీ చూస్తున్నాను. చుట్టుపక్కల మందుల కంపెనీలు, బిస్కెట్ల కంపెనీలు, నీళ్ల ప్లాంట్లు తమ సరుకులో క్రిములు ఉన్నాయో లేవో చూడమని మాకు శాంపిళ్లు పంపిస్తాయి. లేవని తేలిస్తే అందరికీ సంతోషం. ఉన్నాయని తేలిస్తే తప్పంతా మాదే అన్నట్టు మాట్లాడతారు.

ఇది కాక నా నెత్తిన ఇంకో పని ఉంది. దాన్ని కల్చర్ మెయింటెనెన్స్ అంటారు. ఇంట్లో పెరుగుకు తోడు దాచినట్టు, కంపెనీలకూ కాలేజీలకూ పనికొచ్చే బాక్టీరియాను ప్రాణంతో దాచిపెట్టడం. వేలెడంత ప్లాస్టిక్ సీసాల్లో వేసి మైనస్ ఎనభై డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో ఉంచుతాం. ఆ సీసాలను వయల్స్ అంటాం. అడిగినప్పుడు తీసి, కరిగించి, మళ్లీ పెంచి ఇవ్వాలి. మా మేనేజర్ ప్రసాదరావు గారు ఈ పనికి ‘ఫ్రిజ్ డ్యూటీ’ అని పేరు పెట్టారు. ఆ మాట ఆయన మొదటిసారి అన్నది కొత్తగా చేరిన పిల్లల ముందు. నేను ఎమ్మెస్సీ చదివినదాన్ని. ల్యాబ్ బ్రోచర్ కోసం అందరికీ ఫోటో తీసినప్పుడు నేను చివర్లో నిలబడ్డాను. అచ్చయి వచ్చేసరికి అందులో నా భుజం ఒక్కటే మిగిలింది. ఈ రెండూ నేను మరిచిపోలేదు. మరిచిపోవాల్సిన అవసరం ఏముందో కూడా నాకు తెలియదు. వీటిని ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఈ కేసులో నేను ఎందుకంత మొండికేశానో చదివేవాళ్లకు అర్థం కావాలి.

ఆ రోజు వాన పడుతోంది. నలభై దాటిన ఒకాయన రెయిన్‌కోటు లోపల థర్మోకోల్ డబ్బా పెట్టుకుని, తను తడిసినా డబ్బా తడవకుండా లోపలికి వచ్చాడు. పేరు నరేందర్. ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. జనగామ వైపు మనిషి.

“మేడం, ఇండ్ల నా తొమ్మిదేండ్ల కష్టం ఉన్నది. జర మెల్లగ పట్టుకోండ్రి” అన్నాడు.

మూత తీశాను. లోపల పెట్రి ప్లేట్లు. అవి గుండ్రటి బల్లపరుపు గిన్నెలు, అడుగున జెల్లీలాంటి ఆహారం పోసి ఉంటుంది. ప్రతి ప్లేటు మధ్యలో గోరంత వేరు ముక్క, దాని చుట్టూ గోధుమరంగు కలిసిన తెల్లని వెల్వెట్ గుడ్డ లాంటిది.

“ఏంది సార్ ఇది, బూజా?”

“బూజు అనకుండ్రి మేడం. దీనికి మస్తు మర్యాద ఉన్నది. పెద్ద పెద్ద పైన్ చెట్లు దీని మీద ఆధారపడి బతుకుతయ్.”

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. హిమాలయాల్లో పైన్ చెట్ల సన్నని వేళ్ల కొసలకు ఈ ఫంగస్ సాక్సు తొడిగినట్టు చుట్టుకుని ఉంటుంది. దాని దారాలు మట్టిలో చాలా దూరం పాకి, వేరు చేరలేని చోటినుంచి నీళ్లు, పోషకాలు తెచ్చి చెట్టుకు ఇస్తాయి. బదులుగా చెట్టు ఆకుల్లో తయారుచేసిన చక్కెర ఇస్తుంది. చలికాలంలో ఆ కొండ మీద మంచు పడుతుంది. మంచు మందంగా ఉన్నచోట అది దుప్పటిలా పనిచేసి కింద మట్టి మరీ చల్లబడకుండా కాపాడుతుంది. మంచు నిలవని చోట మాత్రం మట్టే గడ్డకడుతుంది. నీళ్లతో నిండిన ఆ సన్నని దారాలు పగిలిపోవాలి. పగలవు. ఎండాకాలం రాగానే మళ్లీ పెరుగుతాయి. ఎలా అన్నదే ఆయన పీహెచ్‌డీ.

“మా ఫ్రీజర్‌ల పెట్టేటప్పుడు బాక్టీరియా పగలకుండ గ్లిసరాల్ పోస్తం సార్. అడవిల దీనికి ఎవరు పోస్తరు?” అని అడిగాను.

“ఎవరూ పొయ్యరు. అదే తయారు చేసుకుంటది. చలి మెల్లగ వస్తుంటే లోపల ట్రెహలోజ్ అని ఒక చక్కెర కూడబెట్టుకుంటది. నీళ్లను బయటికి పంపిస్తది. ఐస్ గడ్డ బయట కడుతది, లోపల పాకం లెక్క చిక్కగ మిగులుతది. తేనె సీసా ఫ్రీజర్‌ల పెడితే ఐస్ అయితదా మేడం? గట్ల.”

“మరి ఇంక ఏం తేలాలె?”

“నా దాంట్ల గట్లనే అయితున్నదని తేలాలె. వేరేవాళ్ల దాంట్ల అయింది. ఒక్కొక్క రకం ఒక్కొక్క తీరుగ ఉంటది. కొన్ని సున్నాకు జర కిందికి పోతెనే చస్తయ్.”

తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆ వేళ్లు తీసిన కొండచరియ తరువాతి వానలకు జారి రోడ్డు మీద పడింది. ఇప్పుడు అక్కడ ఆ చెట్టూ లేదు, ఆ మట్టీ లేదు. కాలేజీలో దాచినవి వేరే బూజు పట్టి పాడయ్యాయి. మిగిలినవి ఈ డబ్బాలోవే. యూనివర్సిటీ ఆయనకు ఆఖరి గడువు ఇచ్చింది. ఆ ఏడాది చివరికల్లా ఇది చలిని తట్టుకుంటుందని చూపించి, ప్రాణంతో పెరుగుతున్న నమూనా, అంటే కల్చర్, ఒకటి అప్పగించాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

“కాలేజీల నేను ఎన్విరాన్‌మెంట్ సబ్జెక్టు చెప్త మేడం. ఇంజనీరింగ్ పిల్లలు ఆ క్లాసుకు నిద్రపోనికి వస్తరు. డాక్టరేట్ వస్తె కనీసం నిద్ర లేచి నమస్తే పెడ్తరేమో” అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన పరిస్థితి నాకు బాగా అర్థమైంది.

అందాకా దాన్ని భద్రంగా దాచిపెట్టడం మా పని. అందుకు వయల్స్ తయారుచేయాలి. మా దగ్గర ప్రతి పనికీ ఎస్‌ఓపీ ఉంటుంది. అంటే పని ఏ వరుసలో చేయాలో రాసి, పైవాళ్లు సంతకం పెట్టిన కాగితం. మాది బాక్టీరియా కోసం రాసింది. క్రిములను పెంచే ఇన్‌క్యుబేటర్ అనే వెచ్చని పెట్టెలో పెంచిన, మంచి ఊపు మీదున్న లేత కల్చర్‌ను ఎంచుకోవాలి. గ్లిసరాల్ కలిపి నేరుగా మైనస్ ఎనభైలో పెట్టాలి. తీసేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో గబగబా కరిగించాలి. అడవి ఫంగస్‌కు కూడా ఇదే పద్ధతా అని నాకు అనుమానం వచ్చింది. ఏది సరైనదో నాకు తెలుసని నేను చెప్పడం లేదు. అనుమానం వచ్చింది, వెళ్లి అడిగాను.

“ఏంటమ్మా సులోచనా, ప్రతి కస్టమర్‌కీ ఒక ఎస్‌ఓపీ రాసుకుంటూ కూర్చుంటామా? ఉన్నది ఫాలో అయిపోండి” అన్నారు ప్రసాదరావు గారు, కంప్యూటర్ మీదినుంచి తల తిప్పకుండా.

ఫాలో అయ్యాను. నరేందర్ ప్లేట్లనుంచి కొంచెం కొంచెం తీసి కొత్త ప్లేట్లలో పెంచాను. దీన్ని సబ్‌కల్చర్ అంటారు. వాటిలో చక్కగా, లేతగా పెరిగినవి ఏరి వయల్స్‌లో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. ఆయన తెచ్చిన అసలు ప్లేట్లు, అంటే మదర్ ప్లేట్లు, ఇన్‌క్యుబేటర్ గదిలోనే ఒక పక్కన ఉంచాను.

అంతలో ఒక మందుల కంపెనీ వాళ్లు ఆడిట్‌కు, అంటే మా ల్యాబ్ తనిఖీకి, వస్తున్నారని కబురు. మందుల కంపెనీవాళ్లకు బూజు పేరు చెబితే చాలు, పాము కనబడ్డట్టే. ప్రసాదరావు గారు గదులన్నీ తిరిగి చూసి నరేందర్ ప్లేట్ల దగ్గర ఆగారు.

“ఇవి ఇక్కడ ఉంటే ఆడిటర్లు మనల్ని బతకనిస్తారా? వెంటనే తీసేయండి.”

“ఎక్కడ పెట్టాలె సార్?”

“కారిడార్ ఫ్రిజ్‌లో పెట్టండమ్మా, ఏదో డబ్బాలో.”

“అది తిండి పెట్టుకునే ఫ్రిజ్ గద సార్.”

“అందుకే డబ్బాలో అంటున్నా.”

కారిడార్ ఫ్రిజ్ గురించి చెప్పాలి. సింగిల్ డోర్ పాత ఫ్రిజ్. అందులో చాయ్ పాల ప్యాకెట్లు, సిబ్బంది టిఫిన్ డబ్బాలు ఉంటాయి. చల్లదనాన్ని అదుపులో పెట్టే థర్మోస్టాట్ చెడిపోయిందని నేను చాలాసార్లు కంప్లెయింట్ రాశాను. ‘అది ల్యాబ్ పరికరం కాదు, మీ పరిధిలోకి రాదు’ అని జవాబు వచ్చింది. నా పరిధి ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు ల్యాబ్ సరుకును అందులోనే పెట్టమంటున్నారు.

పెట్టాను. ప్లేట్లకు టేపు చుట్టి, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, పైన ‘తినకూడదు’ అని రాసి అతికించాను.

“ఎవలు తింటరు మేడం దీన్ని, చూస్తెనే కడుపుల తిప్పుతున్నది” అంది యాదమ్మ. గాజు సామాను కడగడం, చాయ్ పెట్టడం, చెత్తను ఆటోక్లేవ్‌లో వేసి అందులోని క్రిములను చంపడం ఆమె పనులు. ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి. అందులో పడ్డ ఏ క్రిమీ ప్రాణంతో బయటికి రాదు.

ఆడిట్ అయిపోయింది. ప్లేట్లు మళ్లీ లోపల పెడతానని అడిగితే ఇంకో ఆడిట్ ఉందన్నారు. అలా వారాలు గడిచాయి. ఒక పొద్దున నేను బ్యాగు కూడా దించకముందే యాదమ్మ పాల ప్యాకెట్‌ను నా బల్ల మీద ఠప్పుమని కొట్టింది.

“చూడుండ్రి మేడం. పాలు ఇటుకపెళ్ల అయినయ్. ఇప్పుడు చాయ్ పెట్టుమంటరా, గోడ కట్టుమంటరా?”

నేను పాల సంగతి వినలేదు. కారిడార్‌లోకి పరుగెత్తాను. డబ్బా మూత లోపల సూదుల్లా మంచు. ప్లేట్లలో జెల్లీ తెల్లగా గడ్డకట్టి నిలువునా చీలింది. వేళ్ల చుట్టూ ఉన్న వెల్వెట్ నీళ్లలో తడిసి ఎండిన దూదిలా ముడుచుకుపోయింది.

“ఎప్పటిసంది ఇట్ల అయితున్నది యాదమ్మా?”

“ఒక్కనాడే కాలే మేడం. శాన దినాలసంది జరజర ఎక్కువనే అయితున్నది. పెరుగు అంచులకు ఐస్ వడుతుండె. మీరే కంప్లెయింటు పెట్టిన్రు గద, బాగుచేయనీకి ఎవలన్న వస్తరేమో అనుకున్న.”

డబ్బాను ఫ్రిజ్‌లో అలాగే ఉంచి, ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్లాను.

“మీ బాధ్యతలో ఉన్న కల్చర్ కదమ్మా అది” అన్నారు.

“అండ్ల పెట్టుమన్నది మీరు గద సార్.”

“పెట్టమన్నాను. చూసుకోవద్దన్నానా?”

ఈ వాక్యం ఇప్పటికీ ఆయన గొంతుతోనే నా చెవిలో ఉంది.

వయల్స్ ఉన్నాయి కదా అని నాకు ధైర్యం. కొన్నింటిని తీసి, ఎస్‌ఓపీ ప్రకారం గోరువెచ్చని నీళ్లలో కరిగించి, ప్లేట్ల మీద వేసి ఇన్‌క్యుబేటర్‌లో పెట్టాను. ఏమీ రాలేదు. మిగిలినవీ తీశాను. ఏమీ రాలేదు. మా లెక్కలో అయిదు రోజులు చూస్తే చాలు. బాక్టీరియా ప్రాణంతో ఉంటే ఆలోపే మొలుస్తుంది. మొలవకపోతే రిపోర్టులో ‘నో గ్రోత్’ అని రాసి, సామాను ఖాళీ చేయాలి. ఖాళీ చేయమని ప్రసాదరావు గారు సంతకం పెట్టారు. యాదమ్మ వాటిని ఆటోక్లేవ్‌లో వేసింది.

నరేందర్‌ను పిలిపించాను. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. ఆయన రిసెప్షన్‌లో బెంచీ చివర కూర్చుని అంతా విన్నాడు. రెయిన్‌కోటు మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

“పోనీ మేడం. మీరు కావాలని చేసిన్రా ఏంది?”

“ఇంటికి పోయి ఏం చెప్తరు సార్?”

“చెప్పేదేమున్నది. నా భార్య ఎప్పటిసందో అంటనే ఉన్నది. గా బూజు ఎన్కల పడుడు కాదు, ముందుగాల ఇంట్ల గోడకున్న బూజు దులుపు అని. ఇగ దులుపుత.”

నాకు ఒళ్లు మండింది. “గట్ల ఊకుంటరా? కంప్లెయింట్ రాయుండ్రి!”

“ఎవరి మీద రాయాలె మేడం? చలి మీదనా?”

ఆయన వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్ల పని పోగొట్టుకున్న మనిషి గేటు దాకా వచ్చి, సెక్యూరిటీ అతన్ని ‘పోయొస్త అన్నా’ అని పలకరించి మరీ వెళ్లాడు. ఆయన ఊరుకోగలడు. నాకు చేతకాదు.

ఆ మధ్యాహ్నమే ప్రసాదరావు గారు గడ్డకట్టిన మదర్ ప్లేట్లను పారేయమన్నారు.

“పారేయను సార్. అవి నా సాక్ష్యం” అన్నాను.

“దేనికి సాక్ష్యం?”

“ఫ్రిజ్ చెడిపోయి గడ్డకట్టినయ్ అననీకి. ఆ ముక్క మీరు రాసిస్తే ఇప్పుడే పారేస్త.”

“నేనెందుకు రాస్తాను?”

“అయితే నేనెందుకు పారేస్త?”

హెడ్డాఫీసుకు ఫిర్యాదు పంపాను. వాళ్లు అడిగితే చూపించాలని ప్లేట్లను న్యూస్‌పేపర్‌లో చుట్టి, నరేందర్ వదిలేసి పోయిన థర్మోకోల్ డబ్బాలోనే పెట్టి, మీడియా రూం పై అరలో ఉంచాను. ఆహారపు పొడులు, రసాయనాలు దాచే గది అది. ఎప్పుడూ ఏసీ నడుస్తుంది, మా ల్యాబ్‌లో మనుషులకంటే ఆ పొడులకే చల్లదనం ఎక్కువ. తాళం నా దగ్గర ఉంటుంది. ప్లేట్లు ఆ డబ్బాలోనే మెల్లగా కరిగి ఉంటాయి. కరిగాయో లేదో నేను చూడలేదు. సాక్ష్యాన్ని మాటిమాటికీ ఎవరు ముట్టుకుంటారు?

హెడ్డాఫీసునుంచి చాలా వారాల తర్వాత ఒక మెయిల్ వచ్చింది. ఫోటోలు పంపండి అని. డబ్బా దించి, పేపరు విప్పి, ప్లేట్లను బల్ల మీద వరుసగా పెట్టాను. రెండింటిలో, ముడుచుకుపోయిన ఆ వేరు ముక్కల పక్కన, గోరు వెడల్పున కొత్త తెల్లని నూగు.

నాకు మొదట వచ్చింది సంతోషం కాదు, కోపం. సాక్ష్యం చెడిపోయింది. మా వృత్తిలో అనుకోనిచోట ఏదైనా మొలిస్తే అది బయటినుంచి వచ్చి పడ్డ బూజే. దాన్ని కంటామినేషన్ అంటారు. టేపు ఎక్కడో ఊడి ఉంటుంది, ఫ్రిజ్‌లో ఎవరిదో పాచిపోయిన బ్రెడ్డు ఉండి ఉంటుంది అనుకున్నాను.

“బ్రెడ్డుకు పట్టేదే మేడం అది” అని యాదమ్మ కూడా తీర్పు చెప్పింది.

కానీ బ్రెడ్డు బూజు ఇన్ని వారాలకు గోరంతే ఎందుకుంటుంది? ఈపాటికి ప్లేటు నిండి మూతకు తగలాలి. కొంచెం తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. దారాల్లో గదులు కలిసేచోట పక్కన చిన్న కొక్కెం లాంటి బుడిపె. దాన్ని క్లాంప్ అంటారు. పుట్టగొడుగుల జాతిలో కొన్నింటికే ఉంటుంది, బ్రెడ్డు బూజుకు ఉండదు. నాకు నమ్మకం కుదరలేదు. స్లైడు మార్చి చూశాను. మళ్లీ కొక్కెం. నరేందర్‌కు ఫోన్ చేశాను. ఆశపెట్టడం ఇష్టంలేక, “ఒక అనుమానం ఉన్నది, చూసి పోండ్రి” అని మాత్రం అన్నాను.

ఆయన క్లాసు మధ్యలోనుంచి చాక్‌పీసు దుమ్ముతోనే వచ్చాడు. కన్ను పెట్టినవాడు ఎంతసేపటికీ తీయలేదు.

“ఏంది సార్, మాట్లాడరు?”

“కొక్కెం ఉన్నది మేడం.”

“నాకు కనవడ్డది. మీదేనా?”

“జర ఆగుండ్రి, ఇంకోసారి చూస్త.” చూశాడు. “నాదే.” అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడవాల్సింది అద్దాలు కాదని నాకు తెలుసు. తర్వాత చేయించిన డీఎన్ఏ పరీక్ష కూడా అదేనని చెప్పింది.

ఇక్కడితో కథ అయిపోవాలి. నా తలనొప్పి అసలు ఇక్కడే మొదలైంది.

“సార్, గ్లిసరాల్ పోసి, మంచి ఫ్రీజర్‌ల, పద్ధతిగ పెట్టినయేమో చచ్చినయ్. పాల ప్యాకెట్ల పక్కన పడేసినయి బతికినయ్. ఇదేం లెక్క?”

ఆయన బల్లకు ఆనుకుని ఆలోచించాడు. “ఫ్రిజ్ ఒక్కసారి గడ్డకట్టలే గద. వారాలసంది జరజర చల్లబడ్డది. అడవిల చలికాలం గట్లనే వస్తది మేడం. దీనికి టైం దొరికింది, చక్కెర కూడబెట్టుకున్నది, నీళ్లు బయటికి పంపింది. వయల్స్ల పోసినయ్ లేతవి. వెచ్చగ పెరిగినయ్. చలి అంటె ఏందో తెల్వకముందే మైనస్ ఎనభైల పడ్డయ్.”

“అంటే మనం మంచిగ పెరిగినయి ఏరుకునుడే తప్పంటరా?”

“అనలేను. ఫ్రిజ్‌ల మైనస్ ఎనభై ఉండదు గద. మహా అయితే సున్నాకు జర కిందికి పోయి ఉంటది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తె న్యాయం కాదు. ప్లేట్లల్ల వేరు ముక్క ఉన్నది, వయల్స్ల లేదు. గోరువెచ్చని నీళ్లు పడలేదేమో అదీ తెల్వది.”

“అన్ని ప్లేట్లు ఒక్క డబ్బాలనే ఉండె గద. రెండే ఎందుకు లేచినయ్?”

“తెల్వది మేడం.”

అప్పుడు ఒక సంగతి నా మనసులో మెదిలింది. పైకి అనకపోయి ఉంటే బాగుండేది. “ఇది లేవనీకి ఇన్ని వారాలు పట్టింది. ఆ వయల్స్‌వి మేము అయిదు రోజులు చూసి తీసేసినం.”

ఇద్దరం ఆటోక్లేవ్ గది వైపు చూశాం. యాదమ్మ లోపల ఏదో సర్దుతోంది.

“అవి చచ్చి ఉండెనో” అన్నాడు నరేందర్ నెమ్మదిగా, “బతికి ఉండంగనే మనమే...”

“ఆ మాట అనకుండ్రి సార్.”

ఆయన అనలేదు. దానికి జవాబు ఎప్పటికీ దొరకదు. కుక్కర్‌లో ఉడికినదాన్ని బతికి ఉందా అని ఎవరు పరీక్షిస్తారు? ఖాళీ చేయమని సంతకం పెట్టింది ఎవరో నాకు గుర్తుంది, అంతే.

మరుసటి వారం ప్రసాదరావు గారు స్వీట్లు తెప్పించారు. ‘మన కోల్డ్ స్టోరేజ్ సౌకర్యంలో అరుదైన ఫంగస్ బతికింది’ అని హెడ్డాఫీసుకు రాశారు. కోల్డ్ స్టోరేజ్ సౌకర్యం అంటే యాదమ్మ పాలు పెట్టుకునే ఫ్రిజ్. అదే రోజు, నా ఫిర్యాదు ఫలితంగా, మెకానిక్ కూడా వచ్చాడు. థర్మోస్టాట్ మార్చడానికి పనిముట్ల సంచి విప్పుతుంటే నేను వెళ్లి అడ్డం నిలబడ్డాను.

“దీన్ని ముట్టుకోవద్దు అన్నా. ఇది ఎంత చల్లబడుతదో ముందు కొలిచి చూసుకోవాలె.”

“చేయించమని కంప్లెయింట్ ఇచ్చింది మీరే కదమ్మా!” అన్నారు ప్రసాదరావు గారు స్వీటు చేత్తో పట్టుకుని.

నేను ఇచ్చానన్నది నిజం. ఫ్రిజ్ చెడిపోయిందన్నదీ నిజం. చెడిపోవడం వల్లే నరేందర్ ఫంగస్ బతికిందేమో అన్నదీ కొట్టిపారేయలేను. ఎన్నో ఏళ్లుగా నా ఫిర్యాదుకు నేనే అడ్డం నిలబడాల్సిన పరిస్థితి రాలేదు. ఆ రోజు వచ్చింది. ఫ్రిజ్ లోపల ఎన్ని డిగ్రీలుందో కొలిచాకే మెకానిక్‌ను పని చేయనిచ్చాను. సున్నాకు కొద్దిగా కిందే, నరేందర్ అనుకున్నట్టు.

గడువు దగ్గరపడుతోంది. బతికినవాటినుంచి కొత్తగా పెంచి, ఈసారి ఇద్దరం కలిసి చేశాం. కొన్నింటిని వారాలపాటు చల్లగా ఉంచి, మెల్లగా గడ్డకట్టించి, చల్లని గదిలోనే కరిగించాం. కొన్నింటిని వెచ్చని ఇన్‌క్యుబేటర్‌నుంచి నేరుగా గడ్డకట్టించాం. ఎంతకాలమైనా సరే పారేయకుండా చూశాం. చలికి అలవాటుపడ్డవాటిలో ఎక్కువ లేచాయి. కానీ వాటిలోనూ కొన్ని లేవలేదు. నేరుగా చలిలో పడ్డవాటిలో ఒకటి, ఎవరూ అడగకుండానే, లేచింది. ఆ ఒక్కదాన్ని చూసి నరేందర్ నవ్వాడు, నాకు మాత్రం ఆటోక్లేవ్‌లో ఉడికిన వయల్స్ గుర్తొచ్చి నిద్రపట్టలేదు.

ఏడాది చివరికి ఆయన కల్చర్ అప్పగించాడు, థీసిస్ ఇచ్చాడు. చలికి అలవాటుపడే సమయం దొరికితే బతికే అవకాశం ఎక్కువని రాశాడు. మొదటి వయల్స్ ఎందుకు లేవలేదో తేలలేదని కూడా దాచకుండా రాశాడు. కృతజ్ఞతల పేజీలో ‘ల్యాబ్ మేనేజర్‌కు, సిబ్బందికి’ అని ఉంది. ఫోన్ చేశాను.

“నా పేరు ఏది సార్?”

“రాసిన మేడం. మీ మేనేజరే తీయించిన్రు, సిబ్బంది పేర్లు బయట వాడొద్దని. ఆయన పేరు మాత్రం ఉంచుమన్నరు.”

“మీరు ఊకున్నరా?”

“మీ ల్యాబ్ రిపోర్టుల మీద సంతకం ఆయనదే కావాలె గద మేడం. మీరు పారేయను అనకపోతే నాది ఉండకపోతుండె. అది నేను రాసినా రాయకున్నా నాకు తెలుసు.”

నేను ఫోన్ పెట్టేశాను. కోపం పోలేదు, కానీ ఎవరి మీద ఎంత ఉండాలో తేల్చుకోలేకపోయాను.

ఈ కేసు నాకు ఏం నేర్పిందని ల్యాబ్‌కు వచ్చే కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. అడవి ఫంగస్ మంచులో ఎలా బతుకుతుందో నేర్పిందని చెబితే అబద్ధం. అది నాకు అప్పుడూ సగమే అర్థమైంది, ఇప్పుడూ సగమే. నేను నేర్చుకున్నది చాలా చిన్నది. మా కళ్లముందు మొలవనిదానికీ చచ్చినదానికీ మధ్య కొంత ఖాళీ ఉంది. ఎంత ఖాళీ ఉందో నాకు తెలియదు. మా ఎస్‌ఓపీకీ తెలియదు.

అందుకని ఇప్పుడు కాలేజీలవాళ్లు దాచుకోమని ఇచ్చినదేదైనా లేవకపోతే, ఆటోక్లేవ్‌కు పంపేముందు సొంతదారుకు నేనే ఫోన్ చేస్తాను. “మీది మొలవలేదు. చచ్చిందో లేదో నేను చెప్పలేను. పారేయమంటారా, ఉంచమంటారా?” అని అడుగుతాను. టైం వృథా అని ప్రసాదరావు గారు రెండుసార్లు మెమో ఇచ్చారు. రెండూ దాచాను. ఎక్కువమంది పారేయమనే అంటారు. అప్పుడప్పుడు ఒకరిద్దరు, ఉంచండి మేడం అంటారు. వాళ్లవి మీడియా రూం పై అరలో, న్యూస్‌పేపర్‌లో చుట్టి ఉన్నాయి. నెలకోసారి దించి చూస్తాను. ఇంతవరకు వాటిలో ఒక్కటీ లేవలేదు. నేను పారేయలేదు.